ఇంటి పనిలో పిల్లల వాటా



నా చిన్నతనంలో మా అమ్మమ్మగారింట్లో ఆవకాయ పెట్టే రోజంటే పిల్లలందరికీ పనిరోజే. తెల్లవారకముందే కాయలు వచ్చేవి. వాటిని నీళ్ళ గోళెంలో పోసి కడిగేవారు. అమ్మమ్మ పాత పంచె చింపి తలా ఒక ముక్క చేతికిచ్చి మమ్మల్ని వసారాలో వరసగా కూర్చోబెట్టేది. కడిగిన కాయను తడి లేకుండా తుడవడం మా పని. "ముచ్చిక దగ్గర నీళ్ళు దాక్కుంటాయే, అక్కడ గుడ్డ కొస పెట్టి ఒత్తి తుడు" అని ఒక కాయ తుడిచి చూపించేది. అప్పుడు నాకు ఆరేళ్ళు. మా పెద్దమ్మ పిల్లలకు పదీ పన్నెండేళ్ళు ఉంటాయి. మామయ్య కత్తితో కొట్టి పడేసిన ముక్కల్లోంచి జీడి తీసి, టెంకకు అంటుకున్న పలుచటి పొర గీకడం వాళ్ళ వంతు. కత్తి జోలికి పిల్లల్ని రానిచ్చేవారు కాదు. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలపడం మాత్రం అమ్మమ్మ చేతిమీదుగానే జరిగేది.

"ఒక్క కాయకు తడి ఉన్నా జాడీ అంతా బూజు పడుతుంది. ఏడాది తిండి మీ చేతుల్లో పెట్టాను" అనేది అమ్మమ్మ. ఆ మాటకు నేను ఒక్కో కాయనూ వెలుగులో తిప్పి చూసుకుని మరీ తుడిచేదాన్ని. మూడోనాడు జాడీ తిరగకలిపి, వేడన్నంలో మొదటి ముద్ద కలిపి మాకే పెట్టేది.

వయసును బట్టి పని అన్న మాట ఆ వసారాలో ఎవరి నోటా రాలేదు. కానీ పని పంచిన తీరు చూడండి. ఆరేళ్ళవాళ్ళకు గుడ్డ, పదేళ్ళవాళ్ళకు జీడి, పెద్దవాళ్ళకు కత్తి, అనుభవం ఉన్న చేతికి కారం. పిల్లలకు ఇచ్చింది ఉత్తుత్తి పని కాదు. అది సరిగ్గా చేయకపోతే జాడీ చెడిపోతుంది. అంత నమ్మకం మామీద పెట్టింది కాబట్టే మేం అంత శ్రద్ధగా చేశాం. ఇంటి పనిలో పిల్లలకూ ఒక వాటా ఉండాలనీ, అది నిజమైన వాటా అయి ఉండాలనీ ఈ నాలుగు మాటలూ మీతో పంచుకోవడానికి వచ్చాను.

ఇప్పుడు మన ఇళ్ళలో తరచు కనబడే సంగతి చూద్దాం. మూడేళ్ళ పాప వంటింట్లోకి వస్తుంది. అమ్మ చపాతీ వత్తుతుంటే "నేను చేస్తా, నేను చేస్తా" అని పీట పట్టుకుని లాగుతుంది. అమ్మకు ఆఫీసుకు వేళవుతోంది. "నువ్వెళ్ళి ఆడుకో బంగారం" అంటుంది. పాప కదలదు. చివరికి చేతికి ఫోను వస్తుంది. చీపురు పట్టుకుంటే "ఛీ, దుమ్ము" అంటాం. గ్లాసు పట్టుకుంటే "పడేస్తావు" అంటాం. ఇలా పదేళ్ళు గడుస్తాయి. పదమూడో ఏట ఆ పిల్లనే చూపించి "తిన్న కంచం కూడా తీయదండీ, ఎంత చెప్పినా వినదు" అని చుట్టాల దగ్గర వాపోతాం. పదేళ్ళపాటు మనం వద్దన్నాం. ఆ పిల్ల అదే నేర్చుకుంది. తప్పెవరిది?

నేను ముప్పై ఏళ్ళు చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పాను. పని చేయడం ఇష్టం లేని మూడేళ్ళ బిడ్డ నాకు ఇంతవరకు తారసపడలేదు. ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఏడాదిన్నర వయసు పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఆ ప్రయోగంలో ఒక పెద్దాయన తీగ మీద గుడ్డలు ఆరేస్తూ క్లిప్పు జారవిడుస్తాడు. అందుకోలేక చెయ్యి చాస్తాడు. తీసిమ్మని అడగడు. అయినా బుడిబుడి అడుగుల పిల్లలు వెళ్ళి ఆ క్లిప్పు తీసి అందించారు. వాళ్ళలో చాలామంది ఏదో ఒక పనిలో ఇలా సాయపడ్డారు. ఏమిస్తారని చూడలేదు, ఎవరో మెచ్చుకోవాలనీ చూడలేదు. సాయం చేసే గుణం అంత చిన్న వయసులోనే కనబడుతుంది. దాన్ని నిలబెట్టడం మన చేతిలో ఉంది.

మరి ఎందుకు వద్దంటాం? అమ్మలను తప్పుపట్టడానికి ఈ మాట అడగడం లేదు. పొద్దున ఏడున్నరకు స్కూలు బస్సు వచ్చే ఇంట్లో పాప చేత గిన్నెలు తుడిపించడం ఎవరికైనా కష్టమే. పిల్లలు చేస్తే పని రెండింతలవుతుంది, నిజమే. నేను పడ్డ కష్టం నా బిడ్డ పడకూడదన్న ప్రేమ ఇంకోటి. చదువు దెబ్బతింటుందన్న భయం అన్నిటికంటే పెద్దది. కానీ ఒక్కసారి ముందుకు చూడండి. పదో తరగతి అవగానే మన పిల్లలు చాలామంది హాస్టలుకు వెళ్తున్నారు. పదహారేళ్ళ కుర్రాడు అక్కడ చొక్కా ఉతుక్కోలేక, పక్క సర్దుకోలేక, ఇంటికి ఫోను చేసి ఏడ్చిన సందర్భాలు నాకు తెలుసు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న బిడ్డకు బొత్తాం కుట్టుకోవడం రాకపోతే ఆ చదువులో ఏదో వెలితి ఉన్నట్టే కదా. రోజుకు పావుగంట ఇంటిపని ఏ ర్యాంకునూ తగ్గించదు.

ఏ వయసులో ఏం చెప్పవచ్చో ఇప్పుడు చూద్దాం. ఇవి గట్టి హద్దులేం కావు. మీ బిడ్డ సంగతి మీకే బాగా తెలుసు.

రెండు మూడేళ్ళ పిల్లలకు ఒక్క మాటలో చెప్పగలిగే పని ఇవ్వాలి. ఆడిన బొమ్మలు బుట్టలో వేయడం, విడిచిన బట్టలు మాసినబట్టల బుట్టలో పడేయడం, గుమ్మం దగ్గర చెప్పులు జతగా పెట్టడం, ఒలికిన నీళ్ళు గుడ్డతో అద్దడం. "గది సర్దు" అంటే వాళ్ళకు అర్థం కాదు. "ఈ బంతి ఆ బుట్టలో వెయ్యి" అంటే పరుగెత్తుకెళ్ళి వేస్తారు.

నాలుగైదేళ్ళు వచ్చేసరికి వేళ్ళు పనికి లొంగుతాయి. కరివేపాకు రెమ్మలు దూయడం, పచ్చిబఠానీలు ఒలవడం, భోజనాలకు కంచాలు పెట్టి గ్లాసులు సర్దడం, చిన్న చెంబుతో తులసికోటకో, బాల్కనీలో మొక్కలకో నీళ్ళు పోయడం. తెలంగాణలో బతుకమ్మ రోజుల్లో చూడండి. గునుగుపూలు కట్టలు కట్టేటప్పుడు, తంగేడు తాంబాళంలో పేర్చేటప్పుడు చిన్న పిల్లలే పూలు ఏరి రంగు వారీగా అందిస్తారు. అది పనని ఎవరూ అనుకోరు. పండుగ అనుకుంటారు.

ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు తమ పనులు తాము చూసుకోగలరు. లేవగానే దుప్పటి మడతపెట్టడం, బడి నుంచి రాగానే టిఫిను డబ్బా తీసి కడగడానికి వేయడం, రాత్రే సంచి సర్దుకోవడం, తిన్న కంచం కడిగి బోర్లించడం. గోంగూర ఆకు తుంచడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం కూడా ఈ వయసుకు చక్కని పనులు. తొమ్మిది, పది, పదకొండేళ్ళకు ఇల్లు ఊడవడం, బట్టలు దులిపి ఆరేయడం, ఆరినవి మడతపెట్టడం, తడి చెత్త, పొడి చెత్త వేరుచేయడం వస్తాయి. బియ్యం కడిగి గ్లాసుకు రెండు గ్లాసుల ఎసరు కొలిచి పోయడం వస్తుంది. పక్క వీధి దుకాణానికెళ్ళి పెరుగు ప్యాకెట్టు తెచ్చి చిల్లర లెక్క అప్పగించడం వస్తుంది. భిన్నాలు, కొలతలు బడిలో చెప్పేది ఈ వయసులోనే. అవి వంటింట్లో చేతికి తగులుతాయి.

పన్నెండు దాటాక, పెద్దవాళ్ళు పక్కన నిలబడి ఉండగా పొయ్యి దగ్గరికి రానివ్వవచ్చు. ముందు టీ, తర్వాత ఉప్మా, ఆ తర్వాత అన్నం పప్పు. వాషింగ్ మెషీన్ వేయడం, ఫ్యాన్లు తుడవడం, బాత్రూము కడగడం నేర్పవచ్చు. పదిహేను, పదహారేళ్ళకు ఒక పూట వంట మొత్తం చేసి నలుగురికి వడ్డించగలగాలి. కరెంటు బిల్లు చూసి ఏది ఎంతో చెప్పగలగాలి. తాతగారి మందులు ఏ పూట ఏవో తెలిసి ఉండాలి.

కొన్ని పనులకు మాత్రం పిల్లల్ని దూరంగా ఉంచాలి. మరుగుతున్న నూనె, ప్రెషర్ కుక్కర్ మూత, కత్తిపీట, మరుగుదొడ్డి కడిగే యాసిడ్, తడి చేతులతో స్విచ్చులు, నీళ్ళ మోటారు, మూత తెరిచిన సంపు. వీటి దగ్గర "పెద్దవాడివయ్యావుగా" అనే మాట పనికిరాదు.

ఇక ఎలా చేయించాలి? గాంధీజీ అనుభవం ఒకటి చెబుతాను. దక్షిణాఫ్రికాలో జొహనెస్‌బర్గ్ దగ్గర 1910లో ఆయన ఆధ్వర్యంలో టాల్‌స్టాయ్ ఫారం అనే సామూహిక నివాసం ఏర్పడింది. అక్కడ నౌకర్లు లేరు. వంట దగ్గర్నుంచి పాకీపని దాకా అక్కడున్నవాళ్ళే చేసుకునేవారు. పిల్లలకూ అందులో భాగం ఉండేది. ఉపాధ్యాయులు తాము చేయని పనిని పిల్లల్ని చేయమని అడగకూడదన్నది అక్కడి నియమమనీ, పిల్లలు పనిచేసే ప్రతిచోటా ఒక ఉపాధ్యాయుడు వాళ్ళతో కలిసి పనిచేసేవారనీ గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఇంటికి కూడా ఇంతకంటే మంచి నియమం నాకు కనబడదు. నాన్నగారు సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ "ఒరేయ్, ఆ కంచాలు తియ్యి" అంటే కొడుకు మనసు మొరాయిస్తుంది. అదే నాన్న తన కంచం తాను తీసి, "రా నాన్నా, నువ్వు కడుగు, నేను తుడుస్తాను" అంటే లేచి వస్తాడు.

మొదటిసారి మీరు చేసి చూపించండి. రెండోసారి కలిసి చేయండి. మూడోసారి పక్కన ఉండి చూడండి. ఆ తర్వాత వదిలేయండి. వదిలేయడమే అందరికీ కష్టమైన మెట్టు. పాప తువ్వాళ్ళు వంకరగా మడిచి బీరువాలో పెడుతుంది. ఆమె అటు తిరగగానే మనం వాటిని విప్పి మళ్ళీ మడుస్తాం. పాప చూస్తుంది. తన పనికి విలువ లేదని ఆ ఒక్క చూపులో తెలిసిపోతుంది. వంకర తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటే పోయేదేమీ లేదు. అలాగే ఉండనివ్వండి.

మొన్న చలికాలంలో మా ఏడేళ్ళ మనవడికి పావుకిలో చిక్కుడుకాయలు ఇచ్చి ఈనెలు తీయమన్నాను. మొదటి కాయకు ఈనె గిన్నెలో వేసి కాయ చెత్తలో వేశాడు. నేను నవ్వలేదు. ఇంకో కాయ తీసుకుని కొస తుంచి, ఈనె చివరిదాకా ఎలా లాగాలో చూపించాను. అరగంట పట్టింది వాడికి. నేనైతే అయిదు నిమిషాల్లో ముగించేదాన్ని. రాత్రి భోజనాల దగ్గర వాడు అన్నం తినడం మానేసి ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "నాయనమ్మా, నీకు ఈనె తగిలిందా? తాతయ్యా, నీకు?" తాతయ్యకు ఒకటి తగిలింది. వాడి మొహం చిన్నబోయింది. "రేపు ఇంకా బాగా చూసి తీస్తాను తాతయ్యా" అన్నాడు. చేసిన పనికి తానే జవాబు చెప్పాలన్నది నేను వాడికి చెప్పలేదు. ఆ ఈనె చెప్పింది.

డబ్బులిచ్చి పని చేయించవచ్చా అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. కంచం తీస్తే రెండు రూపాయలు, పక్క సర్దితే అయిదు రూపాయలు. మొదటి వారం బాగానే ఉంటుంది. తర్వాత "ఈ రోజు నాకు డబ్బులు అక్కర్లేదు" అంటాడు, పని ఆగిపోతుంది. ఇందాక చెప్పిన ఆ ఇద్దరు పరిశోధకులే 2008లో ఇంకో సంగతి తేల్చారు. సాయం చేసినందుకు బహుమతి అందుకున్న ఇరవై నెలల పిల్లలు ఆ తర్వాత, బహుమతి అందుకోని పిల్లలకంటే తక్కువగా సాయపడ్డారు. అమ్మ వండినందుకు మనం కూలి ఇవ్వం. ఇల్లు అందరిదీ, పనీ అందరిదే. ఖర్చులకు డబ్బు ఇవ్వాలంటే విడిగా ఇవ్వండి, పనికి ముడిపెట్టకండి. అలాగే పనిని శిక్షగా వాడకండి. "అల్లరి చేశావు కాబట్టి గిన్నెలు తోము" అంటే గిన్నెలు తోమడం నీచమైన పని అని మనమే నేర్పినట్టు. మెచ్చుకోవడానికి "వెరీ గుడ్" చాలదు. "నువ్వు నీళ్ళు పోశావు కాబట్టే మల్లెచెట్టు మొగ్గ వేసింది" అనండి. అది వాళ్ళకు గుర్తుండిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇంటిపని నేర్పాలి అనగానే మన కళ్ళు కూతురి వైపు తిరుగుతాయి. "రేపు అత్తారింటికి వెళ్ళాల్సిన పిల్ల" అంటాం. కొడుకు మంచినీళ్ళ గ్లాసు కూడా చెల్లెలి చేత తెప్పించుకుంటాడు. దీని ఫలితం లెక్కల్లో కనబడుతోంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్ళు, ఆపై వయసువాళ్ళు రోజును ఎలా గడుపుతున్నారో అడిగింది. జీతం లేని ఇంటిపనిలో ఒక రోజున చెయ్యి వేసినవాళ్ళు ఆడవాళ్ళలో 81.2 శాతం ఉంటే మగవాళ్ళలో 26.1 శాతం. అలా చేసినవాళ్ళు కూడా సగటున రోజుకు వెచ్చించింది ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. అంటే అక్కడ దాదాపు అయిదు గంటలు, ఇక్కడ గంటన్నర. ఈ తేడా పెళ్ళయ్యాక పుట్టింది కాదు. ఆరేళ్ళప్పుడు చెల్లెలి చేతికి చీపురు, అన్న చేతికి బ్యాటు ఇచ్చిననాడే మొదలైంది. ఆకలి అందరికీ వేస్తుంది. అన్నం వండుకోవడం కూడా అందరికీ రావాలి. కోడలు కష్టపడకూడదని కోరుకునే అత్తగారు చేయాల్సిన మొదటి పని, కొడుక్కి పదేళ్ళప్పుడే గిన్నె తోమడం నేర్పడం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సాయం వేరు, చాకిరీ వేరు. తల్లీతండ్రీ కూలికి వెళ్తే చంటిబిడ్డను చంకనెత్తుకుని బడి మానేసిన ఆడపిల్లలను నేను నా తరగతిలో పోగొట్టుకున్నాను. హాజరుపట్టీలో పేరు ఉండేది, బెంచీలో పిల్ల ఉండేది కాదు. ఆ పిల్ల చేసింది ఇంటికి సాయం అని నేను అనలేను. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఇళ్ళలో పనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి మన దేశంలో నిషేధించారు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి ఆ వయసు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. సొంత కుటుంబానికి సాయపడటమైనా బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లోనే. ఈ చట్టం చెప్పిన గీతే తల్లిదండ్రులకూ గీత. చదువుకు, ఆటకు, నిద్రకు అడ్డురానిదే పిల్లల పని. మన బిడ్డకు పని నేర్పుతూ, పక్కింటి పేదబిడ్డ చేత అంట్లు తోమించే ఇల్లు ఏదైనా ఉంటే, అక్కడ నేర్పాల్సింది పెద్దవాళ్ళకు.

శ్రోతలారా, పెద్ద పట్టికలు రాసి గోడకు అంటించనక్కర్లేదు. ఈ రాత్రి భోజనానికి ముందు మీ బిడ్డను పిలిచి ఒక్క పని ఇవ్వండి. కంచాలు పెట్టడమో, నీళ్ళు పోయడమో, కరివేపాకు దూయడమో. అది ఇకనుంచి ఆ బిడ్డ పనే అని ఇంట్లో అందరికీ చెప్పండి. వాళ్ళు మరిచిపోతే మీరు చేసేయకండి, గుర్తుచేసి ఆగండి. ఆలస్యమైనా ఆగండి. కూతురికి ఇచ్చినట్టే కొడుక్కీ ఇవ్వండి. మీరూ పక్కన నిలబడి చెయ్యి వేయండి. రేపు మీ మూడేళ్ళ పాప వంటింటి గుమ్మంలో నిలబడి "నేను చేస్తా" అంటే, దయచేసి వెళ్ళి ఆడుకోమని అనకండి. ఒక చిన్న పీట వేసి, చేతులు కడిగి, పక్కన కూర్చోబెట్టుకోండి.